అద్దం జారే గాడి

పిల్లలూ, బస్సులో కిటికీ పక్క చోటంటే మీకందరికీ ఇష్టమే గదా! పామూరు నుంచి చంద్రశేఖరపురం వెళ్ళే బస్సు కానివ్వండి, మార్కాపురం నుంచి గిద్దలూరు వెళ్ళే బస్సు కానివ్వండి, కిటికీ పక్క కూచున్నప్పుడు మీరు ఒక సంగతి గమనించే ఉంటారు. ఒక కిటికీ అద్దం దారి పొడుగునా గడగడలాడుతూనే ఉంటుంది. దాని వెనక కిటికీ అద్దం మాత్రం చప్పుడు చెయ్యదు. బస్సు ఒకటే, రోడ్డు ఒకటే, అద్దాలు కూడా ఒకే రకానివి. మరి ఈ తేడా ఎందుకు వచ్చింది?

అద్దం అంచు వంక చూస్తే జవాబు దొరుకుతుంది. అద్దం ఒక గాడిలో జరుగుతుంది. ఆ గాడిలో మెత్తని రబ్బరు పట్టీ ఒకటి అమర్చి ఉంటుంది. పట్టీ బాగున్నచోట అద్దం కుదురుగా ఉంటుంది. పట్టీ అరిగిపోయినచోట అద్దమూ ఇనుమూ కొట్టుకుంటాయి.

బస్సులో అయితే దీనివల్ల చెవులకే బాధ. కాని పాత మోటారుకారు తలుపులో ఈ పట్టీ అరిగిపోతే అంతటితో పోదు. మొదట అద్దం మీద గీతలు పడతాయి. తరవాత అద్దం ఒక పక్కకు ఒరిగిపోతుంది. అన్నిటికంటె పెద్ద నష్టం మన కంటికి కనిపించకుండా జరుగుతుంది: తలుపు లోపలినుంచి తుప్పుపట్టటం మొదలవుతుంది. ఒక్కరోజు శ్రమతో మార్చదగిన పట్టీని అలాగే వదిలేస్తే తలుపే పోతుందన్నమాట.

తలుపు ఒక బోలు డబ్బా

కారు తలుపు బయటికి ఒకే గట్టి పలకలాగా కనిపిస్తుంది. కాని అది బోలు డబ్బా. బయట ఒక ఇనప రేకు, లోపల ఒక ఇనప రేకు, మధ్య ఖాళీ. కిటికీ అద్దాన్ని కిందికి దించినప్పుడు అది పోయి కూచునేది ఆ ఖాళీలోనే.

మన దేశంలో పాత కారు అనగానే చాలామందికి అంబాసిడరు గుర్తుకు వస్తుంది. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు కారు నమూనా తీసుకుని, హిందుస్థాన్ మోటార్స్ కంపెనీ దీన్ని కొలకతా దగ్గిర ఉత్తరపారాలో తయారు చేసింది. 1950ల చివర మొదలైన ఆ తయారీ 2014లో ఆగిపోయింది. ఆ కారు తలుపుకు లోపలివైపు ఒక హాండిలు ఉంటుంది. దాన్ని తిప్పితే లోపల ఉన్న పళ్ళ చక్రం ఒక ఇనపచేతిని పైకీ కిందికీ ఆడిస్తుంది. ఆ చెయ్యి అద్దాన్ని మోస్తుంది. ఈ మొత్తం సరంజామాను మెకానిక్కులు రెగ్యులేటరు అంటారు.

ఇనపచెయ్యి అద్దాన్ని మోస్తుందే గాని తిన్నగా నిలపలేదు. అద్దాన్ని తిన్నగా నడిపించేది కిటికీ చట్రంలోని గాడి. అది ముందువైపున ఒకటి, వెనకవైపున ఒకటి, పైన ఒకటి. ఈ గాడిలోనే మనం చెప్పుకుంటున్న పట్టీ ఉంటుంది. మెకానిక్కులు దీన్ని చానలు రబ్బరు అంటారు. అడ్డంగా కోసి చూస్తే అది చిన్న దోనెలాగా ఉంటుంది. దోనె లోపల మఖమలు గుడ్డ మీద ఉండేలాంటి నూగు ఉంటుంది. అద్దం ఆ నూగు మీదనే జారుతుంది. నూగే లేకపోతే రబ్బరు అద్దాన్ని గట్టిగా కరుచుకుని కదలనివ్వదు.

కిటికీ అడుగున, అద్దం తలుపులోకి దిగేచోట, అద్దానికి బయటొకటి, లోపలొకటి మరి రెండు పట్టీలు ఉంటాయి. అవి రెండు పెదవుల లాగా అద్దాన్ని పట్టుకుని, దాని మీది నీటినీ దుమ్మునూ తుడుస్తూ ఉంటాయి.

ఇక్కడ మీరొక చిత్రం తెలుసుకోవాలి. ఆ పెదవులు ఎంత బాగున్నా సరే, వానలో కొంత నీరు తలుపులోకి దిగుతూనే ఉంటుంది. కారు తయారుచేసినవాళ్ళకు ఆ సంగతి తెలుసు. అందుచేతనే తలుపు అడుగున చిన్న కన్నాలు పెట్టారు. లోపలికి దిగిన నీరు వాటిగుండా బయటికి పోతుంది. కంభం చెరువు సంగతే చూడండి. గుండ్లకమ్మకు అడ్డంగా అంత గట్టి కట్ట వేసినవాళ్ళు, నీరు బయటికి పోయే దారి కూడా పెట్టారు. వచ్చిన నీరు పోయే దారి లేకపోతే ఏ కట్టా నిలవదు. కారు తలుపుకైనా అంతే.

బలపం అరుగుతుందా, పలక అరుగుతుందా?

మార్కాపురం పలకలు ఒకప్పుడు దేశమంతటా బడిపిల్లల చేతుల్లో ఉండేవి. పలక మీద బలపంతో గీస్తే ఏది అరుగుతుంది? బలపమే! బలపం పలకకంటె మెత్తన. రెండు వస్తువులు రాసుకున్నప్పుడు మెత్తనిది అరుగుతుంది, గట్టిది నిలుస్తుంది.

ఖనిజాల గట్టితనాన్ని పోల్చటానికి ఫ్రెడరిక్ మోస్ అనే శాస్త్రజ్ఞుడు 1812లో ఒక వరస ఏర్పాటు చేశాడు. అందులో అన్నిటికన్న మెత్తనిదానికి 1, అన్నిటికన్న గట్టిదైన వజ్రానికి 10. మామూలు అద్దం 5కూ 6కూ మధ్య ఉంటుంది. ఇసుకలో ఉండే స్ఫటికం 7. అంటే ఇసుక రేణువూ అద్దమూ రాసుకుంటే ఓడిపోయేది అద్దమే!

ఇప్పుడు చంద్రశేఖరపురం సంగతి చూడండి. వెలిగొండల దగ్గిరి మెట్టప్రాంతం అది. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటటం మామూలే. మట్టిదారిలో ముందొక బండి పోతే, వెనక వచ్చే కారు దుమ్ములో మునిగిపోతుంది. ఆ దుమ్ము వచ్చి పట్టీల నూగులో చేరుతుంది. కొన్నాళ్ళకు మఖమలులా ఉండవలసిన నూగు కాస్తా ఉప్పుకాగితంలాగా తయారవుతుంది. అప్పుడు మీరు అద్దాన్ని ఎత్తి దించిన ప్రతిసారీ దాన్ని ఉప్పుకాగితంతో రుద్దినట్టే. పాత కార్ల అద్దాల మీద నిలువుగా సన్నని గీతలు కనిపించటానికి కారణం ఇదే. రాత్రివేళ ఎదురు బండి దీపాలు పడితే ఆ గీతలన్నీ మెరిసి, పక్క అద్దంలోంచి బయటిది సరిగా కనిపించదు.

రబ్బరుకు ముసలితనం

నూగు అరగటం ఒక ఎత్తు, రబ్బరు గట్టిపడటం మరొక ఎత్తు. మెత్తని రబ్బరు ఎందుకు గట్టిపడుతుంది?

రబ్బరు అణువులు సేమ్యా పోగుల్లాగా పొడుగ్గా ఉండి, ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉంటాయి. పచ్చి రబ్బరు ఎండకు జిగురు కారుతుంది, చలికి పెళుసెక్కుతుంది. 1839లో అమెరికాలో ఛార్లెస్ గుడియర్ అనే ఆయన రబ్బరుకు గంధకం కలిపి వేడిచేస్తే ఈ లోపం పోతుందని కనుక్కున్నాడు. గంధకం ఆ పోగుల మధ్య చిన్న చిన్న వంతెనలు వేస్తుంది. వంతెనలు తగినన్ని ఉంటే రబ్బరు సాగుతుంది, వదలగానే మళ్ళీ మొదటి ఆకారానికి వస్తుంది.

అయితే ఏళ్ళ తరబడి ఎండా, గాలిలోని ఆమ్లజనీ తగిలితే ఈ అమరిక చెడిపోతుంది. కొన్నిచోట్ల అవసరానికి మించి వంతెనలు ఏర్పడతాయి. కొన్నిచోట్ల పోగులే తెగిపోతాయి. గాలిలో అతి కొద్దిగా ఉండే ఓజోను అనే వాయువు కూడా ఈ పోగులను కోస్తుంది. అప్పుడు రబ్బరు గట్టిపడి, పగుళ్ళు తీసి, కుంచించుకుపోతుంది.

దీన్ని మీరే చూడవచ్చు. ఒకే పొట్లంలోని రబ్బరు బాండ్లు రెండు తీసుకోండి. ఒకదాన్ని బల్ల సొరుగులో వదులుగా పడవెయ్యండి. రెండోదాన్ని ఒక చెక్కముక్క చుట్టూ బిగువుగా తొడిగి మేడమీద ఎండలో పెట్టండి. రెండు మూడు వారాల తరవాత రెంటినీ పక్కపక్కన పెట్టి సాగదీసి చూడండి. ఎండలో బిగిసి ఉన్నది తొందరగా పెళుసెక్కి, అడ్డంగా పగుళ్ళు వేస్తుంది. చెట్టు నీడన నిలిపిన కారు పట్టీలు ఎక్కువకాలం ఎందుకు వస్తాయో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు వచ్చే పట్టీలను చాలావరకు ఇ.పి.డి.ఎం. అనే కృత్రిమ రబ్బరుతో చేస్తున్నారు. అది ఎండకూ ఓజోనుకూ బాగా తట్టుకుంటుంది. కొత్త పట్టీ కొనేటప్పుడు ఆ రకం అడిగి తీసుకోవటం మంచిది.

పట్టీ మార్చాలని ఎలా తెలుస్తుంది?

మీ ఇంట్లోనో, తాతగారి ఇంట్లోనో పాత కారు ఉంటే ఈ పరీక్షలు చెయ్యండి.

అద్దాన్ని సగానికి దించి, పైఅంచు పట్టుకుని లోపలికీ బయటికీ మెల్లిగా ఆడించండి. కొంచెం కదలటం సహజం. టకటక కొట్టుకుంటే మాత్రం పట్టీ పనికిరాదన్నమాట. పట్టీని గోటితో నొక్కండి. నొక్కు పడి మళ్ళీ పైకి లేస్తే రబ్బరులో ప్రాణం ఉన్నది. ఎండిన తోలులాగా ఉంటే దాని పని అయిపోయింది. నూగు ఊడి నున్నగా అయిన చోట్లు చూడండి. పైమూలల్లో పట్టీ కుంచించుకుని సందు పడిందేమో చూడండి.

ఆఖరున తలుపు అడుగున వేలితో తడిమి, ఆ చిన్న కన్నాలను వెతకండి. అవి మట్టితో పూడిపోయి ఉంటే తలుపులో నీరు నిలుస్తున్నదని అర్థం. ఈ ప్రాంతానికి అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలు వస్తాయి. ఎండాకాలమంతా పేరుకున్న దుమ్ము అప్పుడు తడిసి, తలుపు అడుగున బురదయి కూచుంటుంది. ఇనుమూ, నీరూ, ఆమ్లజనీ కలిస్తే తుప్పు పుడుతుంది. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనక రంగును పైకి తోస్తుంది. బయట రంగు పొక్కినట్టు మనకు కనిపించేసరికే రేకును లోపలినుంచి తుప్పు తినేసి ఉంటుంది.

చంద్రశేఖరపురం మండలంలోనే భైరవకోన ఉన్నది గదా! అక్కడ కొండను తొలిచి చేసిన ఎనిమిది గుహాలయాలు వెయ్యేళ్ళకు పైగా, జలపాతం పక్కనే ఉన్నా చెక్కు చెదరలేదు. అది రాయి. కారు తలుపు రేకు మందం ఇంచుమించు ఒక మిల్లీమీటరు. దానికి అంత ఓపిక లేదు!

పాత పట్టీ తియ్యటం

ఈ పని పెద్దవాళ్ళు చెయ్యవలసినది. మీరు పక్కన ఉండి సాయం చెయ్యవచ్చు. స్క్రూలను ఒక గిన్నెలో వరసగా దాచటం, ప్రతిదశలోనూ సెల్‌ఫోనుతో ఫోటో తియ్యటం, బొమ్మ గీసి ఏది ఎక్కడ ఉన్నదో రాసుకోవటం మీ పని. తలుపు లోపలి రేకు అంచులు కత్తుల్లాగా ఉంటాయి. గట్టి చేతితొడుగులు లేకుండా ఎవరూ లోపల చెయ్యి పెట్టకూడదు.

మొదట అద్దాన్ని పూర్తిగా దించాలి. తరవాత హాండిలునూ, చేతిపట్టునూ విప్పి, లోపలి అట్టను మెల్లిగా ఊడదియ్యాలి. అట్ట చుట్టూ క్లిప్పులు ఉంటాయి. ఒక్కసారి లాగితే అట్ట చిరుగుతుంది. ఒక్కొక్క క్లిప్పు దగ్గిర బద్ద పెట్టి ఒక్కొక్కటే వదిలించాలి.

అట్ట వెనక తారు కాగితమో, పాలిథీను కాగితమో అంటించి ఉంటుంది. చాలామంది దీన్ని చెత్త అనుకుని పారేస్తారు. కాని తలుపులోకి దిగిన నీరు అట్టకు తగలకుండా, అక్కడినుంచి మీ కాళ్ళ దగ్గిరికి రాకుండా ఆపేది అదే! జాగ్రత్తగా విప్పి దాచాలి. చిరిగి ఉంటే కొత్తది కత్తిరించి వెయ్యాలి.

ఇప్పుడు పాత పట్టీని పైమూల నుంచి లాగుతూ రావాలి. కొన్ని కార్లలో అది ఊరికే ఇరికించి ఉంటుంది, కొన్నిటిలో చిన్న స్క్రూలో క్లిప్పులో ఉంటాయి. అవి ఎక్కడ ఉన్నాయో చూసుకోకుండా లాగితే చట్రం వంగుతుంది. తీసిన పట్టీని పారెయ్యకండి. దుకాణానికి తీసుకువెళ్ళవలసిన నమూనా అదే.

ఖాళీ అయిన గాడిని బ్రష్షుతో దులిపి, తుప్పు ఉన్నచోట గీకి, తుప్పునాపే రంగు పుయ్యాలి. తలుపు అడుగున ఉన్న మట్టినంతా తీసి, పుల్లతో కన్నాలు తెరవాలి. రంగు పూర్తిగా ఆరేదాకా ఆగాలి. తొందరపడి తడి రంగు మీదనే పట్టీ వేస్తే అది రంగును ఊడబెరుకుతుంది.

కొత్త పట్టీ వెయ్యటం

కొత్త పట్టీ వెడల్పు, లోతు, అద్దం పట్టే సందు పాతదానితో సరిపోవాలి. వదులైతే అద్దం ఆడుతుంది. బిగువైతే రెగ్యులేటరు పళ్ళ మీద బరువు పడి అవి అరిగిపోతాయి. పొడుగు మాత్రం పాత పట్టీని చూసి కొలవకూడదు. ఎందుకో చెప్పగలరా? పాతది కుంచించుకుపోయింది గదా! ఒక దారాన్ని గాడి వెంబడి పరిచి కొలిచి, దానికి ఒక అంగుళం ఎక్కువ తీసుకోవాలి. ఎక్కువైతే కొయ్యవచ్చు, తక్కువైతే అతకటం కష్టం.

మీటరు లెక్కన కొన్న తిన్నని పట్టీ మూల దగ్గిర ముడతపడుతుంది. అక్కడ దాని రెండు పక్క గోడల్లోనూ ఒక చిన్న ముక్కోణపు ముక్క కత్తిరిస్తే చక్కగా వంగుతుంది. వెనక గోడను మాత్రం కొయ్యకూడదు. కోస్తే నీరు దూరుతుంది.

పట్టీ వీపుకు సబ్బునీరు రాసి, ముందు పైమూలల్లో నొక్కాలి. తరవాత పైభాగం మధ్యలో, ఆ తరవాత రెండు పక్కలా కిందికి నొక్కుతూ రావాలి. ఎక్కడా సాగదియ్యకూడదు. సాగిన రబ్బరు మెల్లిగా మళ్ళీ కుంచించుకుని మూలల్లో సందు వదులుతుంది. నూనె, గ్రీజు అసలే వద్దు. నూనె తగిలితే మామూలు రబ్బరు ఉబ్బుతుంది. పైగా దుమ్మంతా వచ్చి అంటుకుంటుంది.

తలుపు లోపల ఉన్న గాడి కమ్ముల బోల్టులను కాస్త వదులు చేసి, అద్దాన్ని చేత్తో ఆనించి పట్టుకుని, హాండిలు ఊరికే తగిలించి మెల్లిగా పైకి ఎత్తాలి. అద్దం పూర్తిగా పైకి వచ్చి తన దారి తాను చూసుకున్న తరవాత బోల్టులు బిగించాలి. ఎక్కడైనా అడ్డుపడితే బలం ఉపయోగించకూడదు, దించి కారణం వెతకాలి. పక్క అద్దాలు ప్రత్యేకంగా వేడిచేసి చల్లార్చినవి. అంచుకు గట్టిదెబ్బ తగిలితే చాలు, మొత్తం అద్దం వందల చిన్న ముక్కలుగా రాలిపోతుంది. ఆ ముక్కలకు పెద్ద అద్దంపెంకుల్లాంటి వాదర ఉండదు గాని, అద్దం మాత్రం పోయినట్టే.

నీళ్ళ పరీక్ష

అట్ట బిగించే ముందే ఈ పరీక్ష చెయ్యాలి. ఇది పూర్తిగా మీ పని! అద్దం మూసి, ఒక చెంబుతో బయటినుంచి అద్దం మీద నీరు పొయ్యండి. మీలో ఒకరు కారులో కూచుని లోపల చూడాలి, ఇంకొకరు తలుపు అడుగున చూడాలి. కొత్త పట్టీ వేశాం గనక లోపలికి చుక్క కూడా పోదనుకుంటున్నారా? కొంచెం పోతుంది. కాని అది గాడి వెంబడి కిందికి దిగి, అడుగు కన్నాల్లోంచి కారాలి. పట్టీ నీటిని తగ్గిస్తుంది, కన్నాలు మిగిలినదాన్ని పంపేస్తాయి. రెండిటిలో ఏది లేకపోయినా తలుపు నిలవదు.

నీరు బాగా కారుతుంటే, తలుపు ఆరిన తరవాత కాగితం అంటించి, అట్ట బిగించి, హాండిలు తగిలించవచ్చు.

అమ్మానాన్నలకు ఒక మాట. అంబాసిడరు తయారీ ఆగిపోయి ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు అలాంటి కారుకు తుప్పు లేని తలుపు దొరకటం, పట్టీ దొరికినంత సులభం కాదు. అందుచేత అద్దం గడగడ మొదలైనప్పుడే పని చేయించటం మేలు.

ఇక పిల్లలూ, ఒక పని మీ వంతు. వాన వెలిసిన మర్నాడు కారు నాలుగు తలుపులనూ ఒక్కొక్కటిగా కొంచెం తెరిచి, మెల్లిగా ఊపి చూడండి. లోపల కడవలో నీళ్ళు కదిలినట్టు చప్పుడయితే, ఒక సన్నని పుల్ల తీసుకుని మీ నాన్నగారిని పిలవండి.